ముప్పై ఐదు ఎలా వచ్చింది?

శ్రోతలకు నమస్కారం.

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. దగ్గర్లో కాగితం ఉంటే రాసుకోండి, లేకపోతే మనసులో పెట్టుకోండి. 52లోంచి 27 తీసేయాలి. యాభై రెండులోంచి ఇరవై ఏడు. జవాబు 25 అని మీకు తెలుసు. మూడో తరగతి గదిలో ఈ లెక్క ఇచ్చి చూడండి. కొన్ని పలకల మీద 25 ఉంటుంది. కొన్నిటి మీద 35 ఉంటుంది. ఈ కాసేపూ మనం ఆ 35 గురించే మాట్లాడుకుందాం.

పిల్లలు ఎలా నేర్చుకుంటారు, మనం ఎలా నేర్పాలి అని విద్యా నిపుణులతో ఎంతసేపు మాట్లాడినా, మాట తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. తప్పు రాసిన బిడ్డ ఏమనుకుని అలా రాసింది?

35 రాసిన బిడ్డను మామూలుగా ఏమంటాం? "సరిగ్గా చూడు", "ధ్యాస ఎక్కడ పెట్టావు", "తుడిచి మళ్లీ చెయ్యి". మార్కాపురం పలక మన ప్రాంతానిదే. పలకతో ఉన్న సుఖం ఏమిటంటే, తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే తప్పు పోతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. తప్పుతోపాటు అది ఎలా పుట్టిందో చెప్పే ఆనవాలూ పోతుంది. అందుకని తుడవకముందు ఒక్క మాట అడగండి. "ఎలా చేశావు నాన్నా?" అంతే. "ఎందుకు తప్పు చేశావు" అని కాదు. "ఎలా చేశావు?"

ఇప్పుడు పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లల్ని ఊహించుకోండి. ఇద్దరి పలకల మీదా 35 ఉంది. పాప ఇలా చెబుతుంది: "రెండులోంచి ఏడు పోదు కదా సార్, అందుకని ఏడులోంచి రెండు తీశా, ఐదు. ఐదులోంచి రెండు తీశా, మూడు. ముప్పై ఐదు." బాబు ఇలా చెబుతాడు: "రెండులోంచి ఏడు పోదు సార్. పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకున్నా, పన్నెండయింది. పన్నెండులోంచి ఏడు పోతే ఐదు. ఐదులోంచి రెండు పోతే మూడు. ముప్పై ఐదు."

విన్నారు కదా. జవాబు ఒకటే, దారులు రెండు. పాప ప్రతి గడిలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తోంది. అది పైన ఉందా, కింద ఉందా అన్నది చూడడం లేదు. ఆ పాప అజాగ్రత్తగా ఏమీ లేదు. "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు" అని ఒకటో తరగతిలో మనమే చెప్పాం. ఆ మాట బుద్ధిగా పాటిస్తోంది. బాబుకు పద్ధతి దాదాపు అంతా వచ్చు. అప్పు ఇచ్చిన ఐదు నాలుగైందన్న ఒక్క సంగతి జారవిడిచాడు. ఇద్దరికీ జ్వరం ఒకటే, రోగాలు వేరు. ఇద్దరికీ ఒకే మందు వేస్తే ఒకరికైనా పనిచేయదు.

1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల తీసివేతల్లో తప్పులను పరిశీలించి ఈ మాటే చెప్పారు. చాలా తప్పులు తోచినట్టు రాసినవి కావు. అలాంటి తప్పు వెనక బిడ్డ నమ్మకంగా పాటించే సూత్రం ఒకటి ఉంటుంది. ఆ సూత్రం మనకు దొరికితే, ఆ బిడ్డ తర్వాతి లెక్కలో ఏం రాస్తుందో ముందే చెప్పొచ్చు.

ఇక్కడ ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించాల్సిన చిక్కు ఒకటుంది. 52, 27 తీసుకున్నప్పుడు ఒకట్ల స్థానంలో రెండు, ఏడు ఉన్నాయి. ఏడులోంచి రెండు పోతే ఐదు. పన్నెండులోంచి ఏడు పోయినా ఐదే. రెండు అంకెల మధ్య తేడా సరిగ్గా ఐదు ఉంటే ఇలాగే అవుతుంది. 43లోంచి 18, 61లోంచి 36, ఇవన్నీ అంతే. రెండు వేర్వేరు తప్పులు ఒకే జవాబు వెనక దాక్కుంటాయి. కాబట్టి బిడ్డను పరీక్షించే లెక్కలో ఆ తేడా ఐదు కాకుండా చూసుకోవాలి.

62లోంచి 28 ఇవ్వండి. సరైన జవాబు 34. ఇందాకటి పాప ఎనిమిదిలోంచి రెండు, ఆరులోంచి రెండు తీసి 46 రాస్తుంది. బాబు పన్నెండులోంచి ఎనిమిది, ఆరులోంచి రెండు తీసి 44 రాస్తాడు. 46 అయితే ఒక సంగతి, 44 అయితే ఇంకో సంగతి. ఎవరైనా 40 రాస్తే, "రెండులోంచి ఎనిమిది పోదు, కాబట్టి సున్నా" అనుకున్నారన్నమాట. 35 రాశారంటే వేళ్ల మీద వెనక్కి లెక్కపెడుతూ 62నే "ఒకటి" అని లెక్కపెట్టి ఉండొచ్చు. నలభై మంది ఉన్న తరగతిలో ప్రతి బిడ్డనూ కూర్చోబెట్టుకుని అడగడం కుదరదని ఉపాధ్యాయులు అంటారు. అది నిజమే. ఈ ఒక్క లెక్క ఇచ్చి పలకలు పైకెత్తమంటే, ఎవరిని ముందు అడగాలో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

అడిగాక ఆగాలి. చాలామందిమి ప్రశ్న వేసి ఒక్క సెకను కూడా ఆగమని, బిడ్డ నోరు తెరిచేలోపే మనమే జవాబు అందిస్తామని మేరీ బడ్ రో అనే విద్యావేత్త తరగతి గదుల సంభాషణలను రికార్డు చేసి చూపించారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా వస్తాయి, కారణాలతో వస్తాయి. మూడు సెకన్లంటే ఎంతో ఇప్పుడు వినండి.

(మూడు సెకన్ల మౌనం)

ఇంతే. రేడియోలో ఇది చాలా ఎక్కువ అనిపిస్తుంది. తరగతిలోనూ అలాగే అనిపిస్తుంది. అయినా ఆగాలి.

ఇక మందు సంగతి. బాబుకు పెద్ద వైద్యం అక్కర్లేదు. "నీకు వచ్చిన 35కి 27 కలుపు" అనండి. 62 వస్తుంది. "మన దగ్గర ఉన్నది యాభై రెండే కదా!" అని తానే అంటాడు. పాపకు మాత్రం పుల్లలు కావాలి.

కొబ్బరి ఈనెల చీపురు ఒకటి తీసుకోండి. బెత్తెడు ముక్కలు వంద కత్తిరించండి. కొసలు గుచ్చుకోకుండా చూసుకోండి. పది రబ్బరు బ్యాండ్లు పెట్టుకోండి. పదేసి లెక్కపెట్టి కట్టడం బిడ్డ చేతే చేయించాలి. మీరే కట్టి ఇస్తే కట్టలో పది ఉన్నాయన్న నమ్మకం మీకే ఉంటుంది గానీ బిడ్డకు ఉండదు. ఇప్పుడు ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు నేల మీద పెట్టించండి. యాభై రెండు. "ఇందులోంచి ఇరవై ఏడు నాకివ్వు" అనండి. పాప రెండు కట్టలు ఇచ్చేస్తుంది. ఏడు విడి పుల్లలు కావాలి, ఉన్నవి రెండే. ఇక్కడ మీరు నోరు విప్పకండి. కాసేపటికి పాప చేయి దానంతటదే రబ్బరు బ్యాండు మీదికి వెళుతుంది. కట్ట విప్పుతుంది. పన్నెండు విడి పుల్లలయ్యాయి. ఏడు ఇస్తుంది. మిగిలినవి చూడండి. రెండు కట్టలు, ఐదు పుల్లలు. ఇరవై ఐదు.

ఈ పని ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. కొందరు 52 పుల్లలతోపాటు 27 పుల్లలు కూడా పక్కన పేర్పిస్తారు. అప్పుడు బిడ్డ కళ్లముందు 79 పుల్లలుంటాయి, దేంట్లోంచి ఏది తీయాలో అర్థం కాదు. ఉన్నది 52 మాత్రమే, 27 అందులోంచే రావాలి. కొందరు అందంగా ఉంటాయని కట్టలను జిగురుతో అంటిస్తారు. విప్పడానికి వీల్లేని కట్ట ఈ పాఠానికి పనికిరాదు. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకోటుంది. పుల్లల పని అంతా అయిపోయాక, విడిగా పలక మీద లెక్క చేయిస్తారు. బిడ్డకు అవి రెండు వేర్వేరు ఆటల్లా కనిపిస్తాయి. చేయి కట్ట విప్పిన క్షణంలోనే బలపం కదలాలి. ఐదు కొట్టేసి నాలుగు, రెండు కొట్టేసి పన్నెండు. విప్పడం, రాయడం. విప్పడం, రాయడం. ముందు రెండు కట్టలు ఇచ్చేసినా పుల్లలతో పర్వాలేదు, జవాబు అదే వస్తుంది. పలకతో కలిపినప్పుడు మాత్రం విడి పుల్లలతో మొదలుపెట్టమనండి.

మాట విషయంలోనూ ఒక విన్నపం. మనం "పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అంటాం. అప్పంటే తిరిగి తీర్చేది. ఇక్కడ ఎవరూ ఎవరికీ తీర్చరు. పైగా తెచ్చింది "ఒకటి" అంటాం, రెండు పక్కన చేరేసరికి అది పదవుతుంది. బిడ్డకు అది గారడీలా ఉంటుంది. "ఒక పది విప్పాను" అనిపిస్తే చేతి పనీ, నోటి మాటా ఒకటవుతాయి. అప్పు అనకండి, విప్పు అనండి.

మన తెలుగు ఇందులో సాయం చేస్తుంది. యాభై రెండు అన్న మాటలో యాభై, రెండు విడివిడిగా వినిపిస్తాయి. హిందీలో బావన్ అంటే ఆ విడదీత అంత తేలిగ్గా వినబడదు. మనకు తిప్పలు పదకొండు, పన్నెండు, పంతొమ్మిది లాంటి చోటే. ఇంగ్లీషు మీడియం పిల్లలకు కూడా "ఐదు పదులు, రెండు" అని ఒకసారి తెలుగులో అనిపించండి.

తర్వాత సున్నా వస్తుంది. 304లోంచి 168. విప్పడానికి పదుల కట్ట ఒక్కటీ లేదు. వందకట్ట విప్పాలి. అందులోంచి పది పదికట్టలు వస్తాయి. వాటిలో ఒకటి మళ్లీ విప్పాలి. ఇప్పుడు రెండు వందలు, తొమ్మిది పదులు, పద్నాలుగు ఒకట్లు. జవాబు 136. ఆ తొమ్మిది ఎక్కడినుంచి వచ్చిందో పుల్లలతో చూసిన బిడ్డకు తెలుస్తుంది. వినడమే తప్ప చూడని బిడ్డ దాన్ని బట్టీ పట్టాలి.

పుల్లలు ఎప్పుడు పక్కన పెట్టాలి? ఇన్ని రోజులని గడువు లేదు. కట్ట మీద చేయి వేయకముందే "నాలుగు, పన్నెండు" అని నోట వచ్చిందంటే సమయం వచ్చినట్టే. అప్పుడు పదికి నిలువు గీత, ఒకటికి చుక్క గీయించండి. ఆ తర్వాత ఒట్టి అంకెలు.

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లోనో, మన వీధి కొట్లోనో కూర్చునే పిల్లలకు ఇదంతా తెలుసు కదా అని అడగొచ్చు. 73 రూపాయల సరుక్కి వంద నోటిస్తే డెబ్బై ఐదు, ఎనభై, వంద అని రెండు, ఐదు, ఇరవై చేతిలో పెడతారు. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల్లో ఇదే చూసింది. బేరంలో చకచకా చేసే పిల్లలు, పుస్తకంలో రాసినట్టు లెక్క ఇస్తే తడబడ్డారు. బడిలో చదివే పిల్లలకు బజారు లెక్క కష్టమైంది. కొట్లో కూర్చునే బిడ్డకు లెక్క రాదని అనుకోకండి. కొట్లో చేసే లెక్కా, పలక మీది లెక్కా ఒకటేనని ఎవరో ఒకరు కూర్చుని కలిపి చూపించాలి. పది రూపాయల నోటుకు చిల్లర మార్చడమూ కట్ట విప్పడమే.

ఈ పనికి ఇంట్లో చదువుకున్నవాళ్లే ఉండాలని లేదు. అక్షరం రాని అవ్వ కూడా పుల్లలు పట్టుకుని "ఎట్టా చేశావు, నాకు చెప్పు" అని అడగగలదు. నిజంగా తెలియక అడిగే మనిషికి చెప్పేటప్పుడు పిల్లలు ఇంకా వివరంగా చెబుతారు. మధ్యలో తామే ఆగి, తప్పు పట్టుకుంటారు.

ఈ రాత్రి అన్నాలయ్యాక మీ ఇంట్లో మూడో తరగతి బిడ్డకు 62లోంచి 28 ఇవ్వండి. 46 వచ్చిందా, 44 వచ్చిందా చూడండి. ఈనెల చీపురు దగ్గర పెట్టుకోండి.

నమస్కారం.