సంతకం అడిగిన స్నేహితుడు

అధ్యక్షులకు, గ్రంథాలయ మిత్రులకు నమస్కారం. జూన్ 16 కదా, ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ నవల ‘యులిసీస్’ కథ జరిగే రోజు, ఆ నవల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న మాటొకటి ఉంది. జాయిస్ ఐర్లండ్‌ని వదిలి వెళ్లిపోయాడు, ఆయనకి తన దేశ స్వాతంత్ర్య పోరాటం పట్టలేదు అని మన సభల్లో తేలిగ్గా అనేస్తుంటారు.

1916 ఏప్రిల్ 24న బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు మొదలుపెడుతూ డబ్లిన్ పోస్టాఫీసు ముందు చదివిన స్వాతంత్ర్య ప్రకటన మీద ఏడుగురి పేర్లున్నాయి. వాళ్లలో ముగ్గురు కవులు: పియర్స్, మెక్‌డొనా, ప్లంకెట్. జాయిస్ కొన్నాళ్లు ఐరిష్ భాష నేర్చుకున్నది పియర్స్ దగ్గరే. మెక్‌డొనా ఇంగ్లీషు పాఠాలు చెప్పిన కాలేజీలోనే మన వి.వి. గిరి గారు చదువుకున్నారు. మే నెలలో బ్రిటిష్ వాళ్లు ఆ ఏడుగుర్నీ కాల్చేశారు.

ఐరిష్ కవి యేట్స్ గురించి కూడా రాసుకొచ్చాను. కానీ స్కెఫింగ్టన్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆయన జాయిస్‌కి కాలేజీ స్నేహితుడు. 1901లో కాలేజీ పత్రిక తిరస్కరించిన వ్యాసాల్ని ఇద్దరూ సొంత డబ్బుతో ఒకే పుస్తకంగా అచ్చేసుకున్నారు. స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడినవాడు, భార్య హనా ఇంటిపేరు తన పేరులో కలుపుకున్నవాడు, హింస వద్దన్నవాడు. తిరుగుబాటు వారంలో షాపుల లూటీ ఆపడానికి బయల్దేరితే బ్రిటిష్ సైనికులు పట్టుకెళ్లారు. ఏప్రిల్ 26 ఉదయం విచారణ లేకుండా బ్యారక్స్‌లో కాల్చేశారు. కాల్పించిన ఆఫీసరుకి మతిస్థిమితం లేదని సైనిక కోర్టు తేల్చింది. హనాకి నష్టపరిహారం ఇస్తామన్నారు. ఆమె తీసుకోలేదు, విచారణ జరపమంది.

అదే ఏడాది డిసెంబరులో జాయిస్ తొలి నవల పుస్తకంగా వచ్చింది. అందులో మెకన్ అనే విద్యార్థి ప్రపంచ శాంతి కోసం సంతకం పెట్టమని అడుగుతాడు. కథానాయకుడు స్టీఫెన్ పెట్టడు. ఆ మెకన్‌కి మూలం స్కెఫింగ్టనే! ఆ ఘట్టం హత్యకు ముందే రాశాడు, నిజమే. ఇప్పుడు చదివితే మాత్రం గుండె పట్టేస్తుంది.

ఇక ‘యులిసీస్’. 1922 ఫిబ్రవరి 2న వచ్చింది, ఐరిష్ పార్లమెంటు బ్రిటన్‌తో ఒప్పందాన్ని ఆమోదించిన కొద్ది వారాలకే. అందులో సారాకొట్లో కథానాయకుడు బ్లూమ్‌ని నీ దేశమేదని నిలదీస్తారు. ఐర్లండ్, ఇక్కడే పుట్టానంటాడు. బలప్రయోగం, ద్వేషం మనుషుల బతుకు కాదంటాడు. అక్కడ నాకు స్కెఫింగ్టన్ గొంతే వినిపిస్తుంది. దేశం పట్టనివాడు ఇలా రాస్తాడా, మీరే చెప్పండి!

1926లో డబ్లిన్‌లోని ఆబీ థియేటర్‌లో నాటకకర్త షాన్ ఒకేసీ రాసిన నాటకం తిరుగుబాటును తక్కువ చేసిందని గొడవ జరిగింది. దాన్ని నడిపింది ఈ హనాయే. నాటకం ఆగకూడదనే నా అభిప్రాయం. అయినా ఆమెని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వచ్చే సమావేశంలో ఆ నాటకం కలిసి చదువుదాం, పుస్తకాలు నేను తెస్తాను.