మూడో రోజుకి పైసలేవి?

(జూన్ 26, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం నాడు మహబూబ్‌నగర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న సర్పంచులకు, కుర్చీలు చాలక వెనక నిలబడ్డ ఆశా అక్కలకు, ఏఎన్ఎంలకు, గీత వృత్తిలో ఉన్న గౌడన్నలకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాద. కానీ ఇరవై నిమిషాల్లో ఎనిమిది శాలువలకే పోయాయి. మిగిలిన పన్నెండు పని మాటలకు వాడుకుందాం.

ఇచ్చిన అంశం ఓవర్‌డోసు మరణాల (మత్తు మోతాదు మించి పోయే ప్రాణాల) నివారణ, దానికి స్థానిక నిధులు. ఈ మాట అనగానే అందరూ అమెరికా పేరెత్తుతారు. అక్కడ ఎక్కువగా చంపేది ఫెంటానిల్. నల్లమందు కుటుంబంలోనిదే, కాకపోతే ఫ్యాక్టరీలో పుట్టింది. దానికి నాలోక్సోన్ అనే విరుగుడుంది. ముక్కులో కొట్టే ఆ స్ప్రేని డాక్టరు చీటీ లేకుండా అమ్ముకోవచ్చని 2023 మార్చిలో అక్కడ అనుమతిచ్చారు. పైసలెక్కడివంటే, నొప్పి మాత్రలు విచ్చలవిడిగా పారించిన కంపెనీల మీద రాష్ట్రాలు, కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) దావాలు వేసి రాబట్టుకున్నాయి. 2021లో కుదిరిన ఒక్క ఒప్పందమే 2,600 కోట్ల డాలర్లది. రాష్ట్రాలకు, కౌంటీలకు వచ్చే దాంట్లో కనీసం 85 శాతం ఈ సమస్య మీదే ఖర్చుపెట్టాలని షరతు రాసుకున్నారు. ఆ 85 గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికొస్తా.

ఆ స్ప్రే మన కల్లు దుకాణం ముందు పడిపోయినవాడికి కొడితే నీళ్లు కొట్టినట్టే. పాలమూరులో మనిషిని పడేసేది మందు కల్లు. అందులో కలిపేది ఆల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందులు. వీటిలో దేనిమీదా నాలోక్సోన్ పనిచేయదు. మొదటి రెంటికీ ఫ్లూమజెనిల్ అని విరుగుడుంది కానీ, రోజూ తాగే మనిషికి అది ఎక్కిస్తే ఫిట్స్ మొదలు కావచ్చు. కాబట్టి దాన్ని కొని బీరువాలో పెట్టమని ఎవరైనా చెబితే ఆ బిల్లు పాస్ చేయకండి. ఇక్కడ విరుగుడంటే గాలి. మత్తు దిగేదాకా ఊపిరి ఆడేలా చూడటమే.

గౌడన్నలు కోపం తెచ్చుకోవద్దు. ఇది చెట్టు కల్లు మీద మాట కాదు. ఊళ్లో ఈత చెట్లు ఎన్ని, తాటి చెట్లు ఎన్ని, దుకాణంలో దిగే సీసాలు ఎన్ని, ఆ లెక్క మీకంటే ఎవరికి బాగా తెలుసు? ఆ తేడాను పూడ్చేది పొడి, శాక్రిన్, నురగ కోసం కుంకుడు రసం.

ఆ పొడి సంగతి కొంచెం చూడండి. డాక్టరు రాసే ఆల్ప్రాజోలం మాత్ర మామూలుగా అర మిల్లీగ్రాము. అంటే ఐదు గ్రాముల పొడిలో పదివేల మాత్రలున్నట్టు. మత్తుమందుల మీది ఎన్డీపీఎస్ చట్టంలో ఆల్ప్రాజోలానికి ఐదు గ్రాములు చిన్న మోతాదు, వంద గ్రాములు వాణిజ్య మోతాదు. వంద గ్రాములంటే రెండు లక్షల మాత్రలు. దీన్ని చీకట్లో, అందాజుగా, తూకం లేకుండా కలుపుతారు. నీళ్లలో సరిగా కరిగే పొడి కాదది, అడుగుకు దిగుతుంది. పొద్దున పట్టిన సీసా ఒక రకం, అడుగు పట్టిన సీసా ఇంకో రకం. తాగేవాడు మాత్రం "రోజూ తాగే మూడే కదా" అనుకుంటాడు. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లుకు పలువురు చచ్చిపోయారు. కిడ్నీలు దెబ్బతిని నిమ్స్‌లో డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు అసలు బాధకు వస్తా. ఈ జిల్లాల్లో దాడులకు పైసలున్నాయి. జీపుకు, డీజిలుకు, సీజ్ చేసే సంచులకు, పత్రికల వాళ్లకిచ్చే ఫొటోకు ఉన్నాయి. దుకాణం మూయించిన మొదటి రోజు బాగుంటుంది. రెండో రోజు చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. మూడో రోజు మనిషి గోడ వైపు చూసి మాట్లాడతాడు, లేని పురుగుల్ని దులుపుకుంటాడు, మెడ తిరిగిపోతుంది, ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కుంటాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తుకు పరిగెత్తుతారు. ఆ మూడో రోజుకి పైసలేవి? ఆ ఊరి పీహెచ్‌సీకి ముందురోజు ఒక్క ఫోనైనా చేశారా? 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు కల్లూ సారా ఒక్కసారిగా బందయి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు జనం వరుస కట్టింది రాష్ట్రమంతా చూసింది. అంత చూసీ బడ్జెట్ కాగితంలో మూడో రోజు అనే వరుస ఇప్పటికీ లేదు. మళ్లీ అంటున్నా, లేదు.

దుకాణం మూయొద్దని అనడం లేదు. మూసేముందు చెప్పమంటున్నా. ఎక్సైజు వాళ్లు తారీఖు చెప్పనక్కర్లేదు, దాడి గుట్టుగానే చేయాలి. తాళం వేసిన గంటలో మెడికల్ ఆఫీసరుకు రెండు ముక్కలు చెబితే చాలు: ఏ ఊరు, రోజుకు ఎన్ని పెట్టెలు అమ్ముతారు. శాంపిల్‌లో ఏం కలిసిందో ల్యాబు చెప్పగానే అదీ క్యాజువాలిటీకి చేరాలి. కోర్టు ఫైలులో మడిచి పెట్టడానికి మాత్రమే కాదు ఆ కాగితం. ఆల్ప్రాజోలం అయితే ఫిట్స్ ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతాయి. డైజోఫాం ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది గనుక వారానికి కూడా రావచ్చు, ఇంటికి పంపాక వస్తాయి. క్లోరల్ హైడ్రేట్ అయితే గుండె లయ తప్పుతుంది, అడ్రినలిన్ జోలికి పోకూడదు. ఒక్క కాగితం మీద ఇన్ని నిర్ణయాలున్నాయి.

దీని తర్వాతే అసలు ఓవర్‌డోసు. పది రోజులు దొరక్క ఒళ్లు అలవాటు తప్పుతుంది. పక్క ఊళ్లో కొత్త దుకాణం తెరుస్తారు, పొడి వేరు, చెయ్యి వేరు. మనవాడు పాత లెక్కలోనే నాలుగు సీసాలు తాగుతాడు. పైన ఒక క్వార్టరు. రెండూ కలిస్తే ఊపిరిని అణిచేస్తాయి. ముంబై, పూణె పనులకు పోయి పండక్కి ఊరొచ్చిన వలస కూలీకీ ఇదే ప్రమాదం. సర్పంచులారా, పండగ ముందు చాటింపు వేయించేటప్పుడు ఈ ఒక్క మాట కలపండి: "చాలా రోజులకు తాగేవాళ్లు పాత లెక్కలో తాగొద్దు, ఒంటరిగా తాగొద్దు." తాగమని చెప్పినట్టవుతుందని కొందరు మొహం చిట్లిస్తారు. చిట్లించనీయండి.

ఆశా అక్కలూ, ఇది మీకు. పడిపోయినవాడు గురక పెడుతుంటే "హాయిగా నిద్రపోతున్నాడు" అంటారు చుట్టూ ఉన్నవాళ్లు. అది నిద్ర గురక కాదు, నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడ్డ చప్పుడు. పిలవండి, ఛాతీ ఎముక మీద పిడికిలితో రుద్దండి. కన్ను తెరవకపోతే ఎడమ పక్కకు తిప్పండి, పై మోకాలు మడిచి నేలకానించండి, గడ్డం కొంచెం పైకెత్తండి. వాంతి వస్తే బయటికి పోతుంది, ఊపిరితిత్తుల్లోకి దిగదు. తర్వాత ఫోనులో సెకన్లు చూస్తూ పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. పూర్తి అరవై సెకన్లు. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించొద్దు, మత్తులో ఊపిరి మధ్యమధ్య ఆగుతుంది. పన్నెండు కంటే తక్కువైతే, పెదాలు నల్లబడితే 108. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పులుసు నోట్లో పోయొద్దు. స్పృహ లేనివాడు మింగలేడు.

ఇక పీహెచ్‌సీలో ఏముండాలి. పెద్దవాళ్ల అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించేది) ఒకటి, దానికి మూడు సైజుల మాస్కులు. బ్యాగు ఉండి మాస్కు లేక మూలన పడున్నవి బోలెడు. నోటి ఎయిర్‌వేలు (నాలుక వెనక్కి జారకుండా పెట్టే గొట్టాలు) 2, 3, 4 సైజులవి. గొంతులోని వాంతిని లాగే, కాలితో తొక్కే సక్షన్, ఎందుకంటే కరెంటును నమ్మలేం. పల్స్ ఆక్సీమీటరు, రెండు జతల సెల్లులు. ఒక జాగ్రత్త: ఆక్సిజన్ పెట్టాక ఆక్సీమీటరు 98 చూపిస్తూనే ఊపిరి మందగిస్తుంది, అంకెను చూసి పక్కకు పోవద్దు. గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, చక్కెర పడిపోయినవాడూ తాగినవాడిలాగే కనిపిస్తాడు. థయమిన్ (బీ1 విటమిన్) ఇంజెక్షన్లు 100 మిల్లీగ్రాములవి, గ్లూకోజు కంటే ముందు ఇవ్వడానికి. ఫిట్స్‌కు లోరజెపాం మంచిదే కానీ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. టీకాల ఫ్రిజ్‌లో చోటివ్వరు, బయట పెడితే పాడవుతుంది. చల్లపెట్టె లేని చోట డయజెపాం ఇంజెక్షన్ కొనండి. డైజోఫాం అన్నది దీన్నే. కల్లులో విషం, సిరంజిలో కొలిస్తే మందు.

బీ టైపు ఆక్సిజన్ సిలిండరు నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి పది లీటర్లు వదిలితే రెండున్నర గంటలు. నల్లమల పెంటల (చెంచుల గూడేల) నుంచి తెచ్చిన మనిషిని అచ్చంపేటలో నిలబెట్టి, 108లో ఇక్కడికి చేర్చడానికి ఒక్కటి చాలదు, రెండుండాలి. దాన్ని తెరిచే తాళం ఒక గొలుసుతో సిలిండరుకే కట్టుండాలి.

వెనకున్న ఈ ఫ్లెక్సీ చూడండి. ఎన్ని ఫొటోలున్నాయో లెక్కపెట్టను. ఇలాంటివి మండలానికి నాలుగు, ఒక ర్యాలీ, టోపీలు, ప్రతిజ్ఞ, సమోసాలు. అవగాహన పేరుతో వచ్చిన పైసలు అక్కడికే సరి. రేపు పొద్దున ఫ్లెక్సీ గేదెల కొట్టం మీద టార్పాలిన్ అవుతుంది. అదొక్కటే దానివల్ల లాభం.

పైసలు లేవన్నది అబద్ధం. ఎన్డీపీఎస్ చట్టంలో 7ఏ సెక్షన్ కింద జాతీయ నిధి ఉంది. మత్తు వ్యాపారం ఆస్తులు జప్తు చేసి అమ్మిన సొమ్ము అందులో పడుతుంది, బానిసల చికిత్సకు వాడొచ్చని ఆ సెక్షనే చెబుతుంది. ఆల్ప్రాజోలం ఫ్యాక్టరీల మీద దాడులు ఇక్కడ, నిధి ఢిల్లీలో. జిల్లా పరిషత్ తీర్మానం చేసి ఎందుకు అడగకూడదు? నల్లగొండలో సున్నపురాయి తవ్వకాల మీద జిల్లా ఖనిజ నిధి వస్తుంది, ఆరోగ్యం దానికి ప్రాధాన్య రంగమే. ఊళ్లో ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీకి ఏటా పదివేల దాకా వస్తుంది. ఆక్సీమీటరు, గ్లూకోమీటరు దాంట్లోనే వచ్చేస్తాయి. ఆసుపత్రి అభివృద్ధి సంఘం సిలిండర్లు చూసుకోగలదు. ఇప్పుడు ఆ 85 తీసుకోండి. ఏ పద్దులో మత్తు నివారణకని ఎంత వచ్చినా, 85 శాతం ప్రాణం నిలిపే పనికి, చికిత్సకు, మిగిలింది ర్యాలీలకు అని తీర్మానంలో రాయండి.

చికిత్స అంటే ఆసుపత్రిలో మూడు రోజులు పడుకోబెట్టడం కాదు. కల్లులోని మందుకు బదులిచ్చే మాత్రను వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గించాలి. ముప్పై మాత్రలు ఒకేసారి చేతిలో పెడితే సాయంత్రానికి అమ్ముడవుతాయి. మూడు రోజులకొకసారి, ఇంట్లోవాళ్ల చేతికి ఇవ్వాలి. అంటే మాటిమాటికీ రావాలి. ఆడవాళ్లకు బస్సు ఉచితం, మగవాడైతే టికెట్టు, పైగా ఒక కూలి పోతుంది. మధ్యలో మానేసేది అక్కడే. బస్సు చార్జీ పద్దు పెట్టండి, చిన్నదే.

ఒక్క హెచ్చరిక. ఆశాలు రాసే పేర్ల జాబితా, ఎవరు రోజూ తాగుతారు, ఎవరికి ఇదివరకు ఫిట్స్ వచ్చాయి అన్నది, దవాఖాన దాటి పోకూడదు. ఠాణాకు పోయిందని ఒక్కసారి తెలిస్తే ఇంకెవరూ రారు. తనంతట తాను చికిత్సకు వచ్చిన బానిసకు సొంత వాడకం కేసుల్లో ఎన్డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది, ఆ మాట పీహెచ్‌సీ గోడ మీద తెలుగులో రాయించండి.

తీర్మానం నమూనా బయట బల్ల మీద పెట్టించాను, రెండు పేజీలు. సర్పంచులు తీసుకెళ్లండి. రేపు మీ పీహెచ్‌సీకి పోయినప్పుడు ఆ సిలిండరు తాళం ఎక్కడుందో అడిగి, చేతిలోకి తీసుకుని చూడండి.