గోళీ పడితే గంట మోగే ఎన్నిక

శ్రోతలకు నమస్కారం.

ఒక ఇనప డ్రమ్మును ఊహించుకోండి. దానికి పార్టీ రంగు వేసి, ముందువైపు అభ్యర్థి ఫొటో, గుర్తు అతికించారు. పైన సన్నటి గొట్టం ఉంది. ఓటరు వేలికి సిరా పెట్టించుకుని, అధికారి ఇచ్చిన గాజు గోళీ ఒకటి పట్టుకుని తెర చాటుకు వెళ్తాడు. తనకు నచ్చిన అభ్యర్థి డ్రమ్ములోకి ఆ గోళీ జారవిడుస్తాడు. అది లోపలి గంటకు తగిలి టింగుమంటుంది. బయట కూర్చున్న అధికారులకు, ఏజెంట్లకు ఆ చప్పుడు వినిపిస్తుంది. ఒక్కసారి మోగితే ఒక ఓటు, రెండోసారి మోగిందంటే ఏదో మోసం జరిగినట్టే. గోళీ అడుగున పడి మళ్లీ చప్పుడు చేయకుండా డ్రమ్ములో ఇసుకో రంపపు పొట్టో పోస్తారు. సైకిల్ బెల్లు విని పొరబడతారేమోనని పోలింగ్ కేంద్రాల దగ్గరికి సైకిళ్లను కూడా రానివ్వరు.

ఇది పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో ఓటు వేసే పద్ధతి. నదికి రెండు ఒడ్డుల వెంట పట్టీలా సాగిన చిన్న దేశం అది. మూడు వైపులా సెనెగల్, ఒక వైపు సముద్రం. చదువు రానివాళ్లు కూడా ఎవరి సాయం లేకుండా ఓటు వేయాలని 1960ల నుంచీ ఈ పద్ధతి పెట్టుకున్నారు. మనకిది మరీ కొత్తేం కాదు. మన మొదటి సాధారణ ఎన్నికల్లో కూడా ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది. పెట్టె మీద గుర్తు చూసి అందులో కాగితం వేసేవారు.

గంట మోగుతున్నా గాంబియాలో ఓటుతో పాలకుడు మాత్రం మారలేదు. 1965లో స్వాతంత్య్రం వచ్చిన నాటి నుంచి దావ్దా జవారా దాదాపు ముప్ఫై ఏళ్లు దేశాన్ని పాలించారు. 1994 జులైలో యాహ్యా జమ్మె అనే 29 ఏళ్ల లెఫ్టినెంట్ సైనిక తిరుగుబాటుతో ఆయన్ని దించాడు. ఆ తర్వాత జమ్మె నాలుగు ఎన్నికలు గెలిచారు. ఎయిడ్స్‌ని మూలికలతో నయం చేస్తానన్నారు, దేవుడు తలిస్తే వంద కోట్ల ఏళ్లైనా పాలిస్తానన్నారు. ఆయన్ని ప్రశ్నించినవాళ్లు జైళ్లలో మగ్గారు, కొందరు మాయమైపోయారు. 2016 ఏప్రిల్‌లో ఎన్నికల సంస్కరణలు కావాలని రోడ్డెక్కిన ప్రతిపక్ష కార్యకర్త సోలో శాండెంగ్ నిర్బంధంలోనే చనిపోయారు. ఆయన కోసం ఊరేగింపు తీసిన పార్టీ నాయకుడు ఉసైనూ దర్బోని కూడా జైల్లో పెట్టారు.

నాయకుడు జైల్లో ఉండటంతో చాలా ప్రతిపక్షాలు కూడబలుక్కుని ఆడమ బారోని నిలబెట్టాయి. రియల్ ఎస్టేట్ వ్యాపారం చేసుకునే మనిషి. ఒకప్పుడు లండన్‌లో ఒక షాపులో సెక్యూరిటీ గార్డుగా పనిచేశారు. 2016 డిసెంబర్ 1న పోలింగ్. ఆ రోజు ఇంటర్నెట్ కట్ చేశారు, విదేశాలకు ఫోన్లు ఆపేశారు. అయినా లెక్కింపు మాత్రం ఎక్కడికక్కడ, పోలింగ్ కేంద్రాల్లోనే జరిగింది. వరసగా గుంటలున్న పలకల్లో గోళీలు పేర్చి, అందరి ఎదుటా లెక్కపెట్టారు. నా దృష్టిలో మొత్తం కథకి ప్రాణం ఇదే. ఏ ఊళ్లో ఎవరికి ఎన్ని గోళీలు పడ్డాయో ఆ ఊరివాళ్లు కళ్లారా చూశారు. ఆ తర్వాత రాజధానిలో ఎవరు కూర్చుని ఏ అంకె రాసుకున్నా వాళ్లని నమ్మించడం కష్టం.

జమ్మె ఓడిపోయారు. మర్నాడు ఆయనే బారోకి ఫోన్ చేసి అభినందించారు. దాన్ని టీవీలో చూపించారు కూడా. జనం వీధుల్లోకి వచ్చి జమ్మె పోస్టర్లు చింపేశారు. తర్వాత ఎన్నికల సంఘం కూడికలో పొరపాటు దొర్లిందని తానే బయటపెట్టి అంకెలు సరిచేసింది. బారోకి 2,27,708, జమ్మెకి 2,08,487. ఆధిక్యం తగ్గిందే గానీ విజేత మారలేదు. జమ్మెకి ఆ సాకు చాలింది. డిసెంబర్ 9న టీవీలో కనిపించి, ఈ ఫలితాన్ని ఒప్పుకోను, మళ్లీ ఎన్నిక పెట్టాలన్నారు.

ఆ తర్వాతి ఆరు వారాలు దేశమంతా టెన్షన్. వేలాది మంది మూటాముల్లె సర్దుకుని సెనెగల్ చేరారు. బారో కూడా అక్కడికే వెళ్లి, 2017 జనవరి 19న ఆ దేశ రాజధాని డాకర్‌లోని గాంబియా రాయబార కార్యాలయంలో అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. సొంత దేశానికి అధ్యక్షుడై కూడా పరాయి గడ్డ మీద, చిన్న గదిలో ప్రమాణం చేయాల్సి వచ్చింది. పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ సైన్యాన్ని సరిహద్దు దాటించింది. తన సైనికులను ఈ గొడవలోకి దింపి చంపుకోనని గాంబియా సేనాధిపతి తేల్చి చెప్పేశారు. జనవరి 21 రాత్రి జమ్మె విమానం ఎక్కారు. స్వాతంత్య్రం వచ్చాక ఓటుతో అధికారం చేతులు మారడం ఆ దేశంలో అదే మొదటిసారి.

ఆ విమానంలో ఆయన పక్కనున్నది నచ్చజెప్పడానికి వచ్చిన గినీ అధ్యక్షుడు ఆల్ఫా కొండే. ఈ కొండేనే 2020లో రాజ్యాంగం మార్పించి మూడోసారి పోటీ చేశారు, మరుసటి ఏడాది సైన్యం ఆయన్ని దించేసింది. ఇక జమ్మెకి ఆశ్రయమిచ్చిన ఈక్వటోరియల్ గినీలో తెయొడోరో ఒబియాంగ్ 1979 నుంచీ గద్దె మీదే ఉన్నారు. ఇదంతా తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

ఆఫ్రికాలో అంతా ఇంతే అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. మలావీలో 2019 ఎన్నికల ఫలితాల పత్రాల మీద వైట్‌నర్ పూసి అంకెలు దిద్దారు. జనం నెలల తరబడి వీధుల్లో నిలబడ్డారు. జడ్జీలు బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాలు వేసుకుని కోర్టుకొచ్చి, 2020 ఫిబ్రవరిలో ఆ ఎన్నికను రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ ఓటింగ్ జరిగితే ప్రతిపక్షం గెలిచింది. కెన్యా సుప్రీంకోర్టు 2017లోనే అధ్యక్ష ఎన్నికను కొట్టేసింది. ఆ జడ్జీల ధైర్యానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఉగాండాలో మాత్రం లెక్కింపు దాకా పోకుండా ముందే నియమం మార్చేశారు. 1986 నుంచి పాలిస్తున్న ముసెవేని కోసం 2005లో పదవీకాలాల పరిమితి, 2017లో వయోపరిమితి ఎత్తేశారు.

గాంబియాలోనూ పదవీకాలాల పరిమితి మాటే ఇంకా తేలలేదు. ఒక మనిషి రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఉండకూడదని, బారో అప్పటి పదవీకాలం కూడా అందులోకే వస్తుందని కొత్త రాజ్యాంగం ముసాయిదాలో రాశారు. 2020 సెప్టెంబర్‌లో అది పార్లమెంటు ముందుకు వచ్చింది. కావాల్సింది 42 ఓట్లు, వచ్చినవి 31. మరుసటి ఏడాది డిసెంబర్‌లో గాంబియా జనం మళ్లీ గోళీలతోనే ఓటు వేశారు. బారో మళ్లీ గెలిచారు.

సెలవు. నమస్కారం.