కన్నతల్లికి కాగితం మీద చోటు లేని దేశం: కొరియా విడాకుల కథ

[తెరపై: ఒక నివాస పత్రం. ‘బంధుత్వం’ గడి పెద్దదవుతుంది]

దక్షిణ కొరియా, 2007. విడాకులు తీసుకున్న ఒక తల్లిని ఊహించుకోండి. పిల్లాణ్ని పెంచే బాధ్యత కోర్టు ఆమెకే ఇచ్చింది. బడి ఫీజు ఆమే కడుతుంది, జ్వరమొస్తే రాత్రంతా ఆమే కూర్చుంటుంది. కానీ పిల్లాడి పేరు ఉండేది మాజీ భర్త కుటుంబ రిజిస్టర్‌లో. ఆ తల్లీకొడుకుల నివాస పత్రం తీస్తే, బంధుత్వం గడిలో ‘తల్లి’ అని ఉండదు. ‘కలిసి ఉంటున్న వ్యక్తి’ అని ఉంటుంది. అదే ఇంట్లో అద్దెకు దిగిన మనిషికీ ఆ మాటే రాస్తారు!

దీనికి మూలం ‘హోజు’ పద్ధతి. ప్రతి కుటుంబానికీ చట్టమే ఒక పెద్దను నిలబెడుతుంది. పెళ్లయితే అమ్మాయి పేరు పుట్టింటి రిజిస్టర్ నుంచి తీసేసి అత్తింటి రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. భర్త పోతే పెద్దరికం కొడుక్కి వెళ్తుంది. కొడుకు లేకపోతే పెళ్లికాని కూతురికి. భార్య వంతు ఆ తర్వాతే. అంటే ఇంకా మాటలు కూడా రాని మగబిడ్డ, అమ్మకీ నానమ్మకీ చట్టప్రకారం ఇంటిపెద్ద.

[తెరపై: ఈ థే-యంగ్ ఫొటో]

ఈమె ఈ థే-యంగ్, కొరియా తొలి మహిళా న్యాయవాది. 1956లో ఆడవాళ్ల కోసం న్యాయ సలహా కేంద్రం తెరిచారు. కుటుంబ చట్టం మారాలని దశాబ్దాల పాటు పోరాడారు. ఆ పోరాట ఫలితంగా 1989లో చట్టాన్ని సవరించారు, 1991 నుంచి అమల్లోకి వచ్చింది. విడాకులప్పుడు ఆస్తిలో వాటా అడిగే హక్కు అప్పుడే వచ్చింది. అంతకుముందు తప్పు భర్తదైతే నష్టపరిహారం అడగొచ్చు, అంతే. ఇంటి చాకిరీ కూడా ఆస్తి సంపాదనలో భాగమేనని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. నా దృష్టిలో ఇది చాలా పెద్ద గెలుపు.

హోజు మాత్రం కదల్లేదు. సంప్రదాయం జోలికి రావద్దని కన్ఫ్యూషియన్ సంఘాలు, అంటే చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ బోధనల్ని పాటించే సంఘాలు, గట్టిగా అడ్డుపడ్డాయి. చివరికి 2005 ఫిబ్రవరిలో, అది రాజ్యాంగానికి విరుద్ధమని రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. 2008 జనవరి 1న హోజు పోయింది, ఎవరి రికార్డు వాళ్లదైంది. ఆ రోజు చూడ్డానికి ఈ థే-యంగ్ లేరు. 1998లోనే కన్నుమూశారు.

[తెరపై: పెళ్లి నమోదు ఫారం]

అన్నీ సర్దుకున్నాయా? లేదు. కొరియాలో పెళ్లయినా ఆడవాళ్లు సొంత ఇంటిపేరే ఉంచుకుంటారు. పిల్లలకు మాత్రం తండ్రిదే వస్తుంది. పుట్టినప్పుడే తల్లిది రావాలంటే, పిల్లల ఊసే లేని రోజున, పెళ్లి నమోదు ఫారంలోనే భార్యాభర్తలు చెప్పాలి. “పిల్లలకు తల్లి ఇంటిపేరు పెట్టాలని ఒప్పుకున్నారా?” అని ఒక ప్రశ్న ఉంటుంది, ‘అవును’ అంటే ఒప్పంద పత్రం కూడా జతచేయాలి. తండ్రి ఇంటిపేరుకు ఏ పత్రమూ అడగరు.