ఫ్లూ మీద నానో వైద్యం

శ్రోతలకు నమస్కారం. వానలు మొదలయ్యాయంటే బెజవాడ బస్టాండులో ఏ ప్లాట్‌ఫాం దగ్గర నిలబడ్డా దగ్గులే వినిపిస్తాయి. అవన్నీ ఫ్లూ కాదు లెండి. అయితే ఇంట్లో షుగరో, ఆయాసమో ఉన్న పెద్దవాళ్లకు నిజంగా ఫ్లూ తగిలితే అది మామూలు జ్వరంతో పోకపోవచ్చు. ఏటా ప్రపంచంలో 2,90,000 నుంచి 6,50,000 మంది దీనివల్ల వచ్చే ఊపిరి సమస్యలతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఒసెల్టామివిర్ అనే మందు ఉంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే అది బాగా పనిచేస్తుంది. మనం ఆ రెండు రోజులూ మెడికల్ షాపులో కొన్న యాంటీబయాటిక్‌తో గడిపేస్తాం. యాంటీబయాటిక్ ఫ్లూ వైరస్‌ని ఏమీ చేయలేదు. దయచేసి ఈ అలవాటు మానండి. మందును నానో కణాల్లో, అంటే కంటికి కనిపించనంత చిన్న కణాల్లో, పెట్టి నేరుగా ఊపిరితిత్తులకు చేర్చాలని పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు గానీ, అది ఇంకా ల్యాబ్ దాటి మన దాకా రాలేదు.

టీకా విషయంలో మాత్రం నానో వైద్యం చాలా దూరం వచ్చింది. ఫ్లూ వైరస్ సైజు సుమారు 100 నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. అదే కొలతలో ఉండే సన్నటి నూనె బిందువులను టీకాలో కలిపితే, వయసు మీరిన ఒంట్లో కూడా రోగనిరోధక శక్తి గట్టిగా స్పందిస్తుంది. ఇలాంటి టీకాకు ఇటలీలో 1997లోనే అనుమతి వచ్చింది.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది మరొకటి. వైరస్ పైనున్న ప్రోటీన్లు మారిపోతూ ఉంటాయి కాబట్టే టీకా ఏటా వేయించుకోవాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్తలు ఒకే నానో కణం మీద నాలుగు రకాల ఫ్లూ ప్రోటీన్లను పక్కపక్కన అమర్చారు. మన రోగనిరోధక కణం వాటిలో రెండింటిని ఒకేసారి పట్టుకోవాలంటే, రెండింటిలోనూ ఒకేలా ఉన్న భాగాన్ని గుర్తుపట్టాలి. ఆ భాగం అంత తేలిగ్గా మారదు. అందుకే ఎక్కువ రకాల ఫ్లూ నుంచి రక్షణ దొరుకుతుందని వాళ్ల ఆలోచన. 2021లో మనుషుల మీద మొదటి దశ పరీక్షలు మొదలయ్యాయి.

అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇప్పుడున్న ఫ్లూ టీకా మన ఊళ్లోనూ దొరుకుతుంది. దసరాకి అమ్మమ్మనో తాతయ్యనో ఇంద్రకీలాద్రి క్యూలైన్లకు తీసుకెళ్లే వాళ్లు, కనీసం మూడు వారాల ముందే డాక్టరుగారిని అడగండి. టీకా వేశాక రక్షణ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది.