మొదటొచ్చాడా అని కాదు, ఎంతలో వచ్చాడని అడగండి

(విజయవాడ గాంధీనగర్‌లో వేసవి ఈత శిక్షణ ముగిసిన రోజు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. బయట ఎండ మండిపోతోంది, లోపల ఈ ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న మాటే గానీ గాలి రావట్లేదు. కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వెళ్తాను. నేను కోచ్‌ని కాదు. మీట్‌లలో లేన్ చివర స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడే టైమ్‌కీపర్‌ని. అందుకే నా మాటల్లో పతకాలకంటే సెకన్లు ఎక్కువగా వినిపిస్తాయి, ఏమనుకోకండి.

మన ఊళ్లో ఈతగాళ్లకి కొదవ లేదు. పక్కనే కృష్ణ ఉంది, ఊరి మధ్యలో కాలువలున్నాయి. పుష్కరాలొస్తే ఘాట్‌ల దగ్గర గజ ఈతగాళ్లు కాపలా ఉంటారు. ఇక్కడి కార్పొరేషన్ స్విమ్మింగ్ పూల్‌కి సర్ విజ్జీ పేరుంది. ఆయన 1936లో ఇంగ్లండ్ వెళ్లిన మన క్రికెట్ జట్టు కెప్టెన్. ఈతకొలనుకి క్రికెట్ కెప్టెన్ పేరు పెట్టడం మనకే చెల్లింది! అది అలా ఉంచండి. ఏటి ఈత వేరే విద్య. దానికి నీటి వాలు తెలియాలి, దమ్ముండాలి, గుండె ధైర్యం కావాలి. ఒలింపిక్స్‌లోనో ఏషియన్ గేమ్స్‌లోనో చూసే ఈతకి ఇవి కొంతవరకే పనికొస్తాయి. అక్కడ పోటీ గడియారంతో.

ఇది అర్థం కావాలంటే 2000 సిడ్నీ ఒలింపిక్స్ చూడాలి. పురుషుల 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఒక హీట్‌కి (తొలి రౌండ్‌లో ఈతగాళ్లని గుంపులుగా విడదీసి పెట్టే పోటీ) ముగ్గురే ఉన్నారు. ఇద్దరు సిగ్నల్‌కి ముందే దూకి డిస్‌క్వాలిఫై అయ్యారు. మిగిలినవాడు ఈక్వటోరియల్ గినీ నుంచి వచ్చిన ఎరిక్ ముసంబాని. దేశంలో అతను సాధన చేసింది చిన్న హోటల్ పూల్‌లో. ఒంటరిగా ఈదాడు, చివరి మీటర్లలో మునిగిపోతాడేమో అనిపించింది. స్టేడియం మొత్తం చప్పట్లతో అతన్ని గట్టుకి చేర్చింది. టైమ్ 1 నిమిషం 52.72 సెకన్లు. ఆ గేమ్స్‌లో అదే దూరానికి స్వర్ణం గెలిచిన నెదర్లాండ్స్ ఈతగాడు పీటర్ వాన్ డెన్ హూగన్‌బాండ్ టైమ్ 48.30 సెకన్లు.

మరి ముసంబాని తన హీట్‌లో ఫస్టే కదా? ఫస్టే. అయినా ముందుకి వెళ్లలేదు. ఎందుకంటే ఈతలో హీట్ గెలిచినవాళ్లని పైకి పంపరు. అన్ని హీట్‌ల టైమింగ్‌లూ ఒక్కచోట పేర్చి, పైనున్నవాళ్లని తీసుకుంటారు. మీ హీట్‌లో మీరు నాలుగో స్థానంలో వచ్చినా టైమ్ బాగుంటే మీకు చోటుంటుంది. ఫస్టొచ్చినా టైమ్ లేకపోతే ఇంటికే. మన జిల్లా మీట్‌లో మెడల్ రాగానే స్వీట్లు పంచే నాన్నగార్లకి నేను చెప్పదలచుకున్నది ఇదే. పక్క లేన్‌లో ఎవరూ లేకపోతే మెడల్ ఎవరికైనా వస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ టోక్యో ఒలింపిక్స్‌లో దొరుకుతుంది. 400 మీటర్ల ఫ్రీస్టైల్ హీట్స్‌లో ట్యునీషియా కుర్రాడు అహ్మద్ హఫ్నావీది ఎనిమిదో టైమ్. ఫైనల్‌కి తీసుకునేదే ఎనిమిది మందిని. మంచి టైమ్ ఉన్నవాళ్లకి మధ్య లేన్లు, 4, 5 ఇస్తారు. ఇతనికి 8 వచ్చింది. పద్దెనిమిదేళ్ల ఆ పిల్లాడు చివరి లేన్ నుంచి 3 నిమిషాల 43.36 సెకన్లలో స్వర్ణం కొట్టుకుపోయాడు.

ఇక టైమ్ తీయడం అనే నా పని సంగతి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పురుషుల 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్. అమెరికా ఈతగాడు లాన్స్ లార్సన్ లేన్‌లో ముగ్గురు టైమ్‌కీపర్ల వాచీలు 55.0, 55.1, 55.1 చూపించాయి. ఆస్ట్రేలియా ఈతగాడు జాన్ డెవిట్‌కి మూడు వాచీల్లోనూ 55.2. ఎవరు గెలిచారు? డెవిట్! అప్పట్లో ఎవరు ముందో కంటితో చూసి చెప్పే జడ్జీలుండేవారు. వాళ్లు రెండుగా చీలిపోయారు, చీఫ్ జడ్జి డెవిట్ వైపు మొగ్గాడు, లార్సన్ టైమ్‌ని కూడా 55.2గా రాసుకున్నారు. మా వృత్తికే తలవంపు ఆ రోజు. ఆ గొడవ ఎలక్ట్రానిక్ టైమింగ్‌కి దారి తీసింది. 1968 మెక్సికో ఒలింపిక్స్ నాటికి గోడకి టచ్ ప్యాడ్‌లు వచ్చాయి. ఈతగాడు తన చేత్తోనే గడియారం ఆపుకుంటాడు.

అంతటితో గొడవ తీరిందా? 1972 మ్యూనిక్‌లో 400 మీటర్ల మెడ్లీలో (నాలుగు రకాల ఈతలూ ఒకే పోటీలో ఈదాలి) స్వీడన్ ఈతగాడు గునార్ లార్సన్‌కీ, అమెరికా ఈతగాడు టిమ్ మెకీకీ ఒకే టైమ్, 4:31.98. యంత్రంలో ఇంకో అంకె ఉందిగా అని చూశారు: ఒకరిది .981, మరొకరిది .983. స్వర్ణం లార్సన్‌కి ఇచ్చారు. లెక్క వేస్తే ఆ తేడా మూడు మిల్లీమీటర్లు. కానీ కొలను కట్టేటప్పుడు ఒక లేన్‌కీ మరో లేన్‌కీ అంతకంటే ఎక్కువ తేడా రావచ్చని నిబంధనలే ఒప్పుకుంటాయి. అంటే మీరు కొలిచింది మనిషిని కాదు, మేస్త్రీ పనితనాన్ని! ఆ తర్వాత సెకనులో నూరో వంతు దగ్గరే ఆపేశారు. అక్కడా సమానమైతే ఇద్దరికీ పతకం. 2016 రియోలో మహిళల 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో సిమోన్ మాన్యుయెల్, పెన్నీ ఒలెక్సియాక్ ఇద్దరూ 52.70లో వచ్చి చెరో స్వర్ణం తీసుకున్నారు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. కొలవలేనిదాన్ని కొలిచినట్టు నటించకపోవడం పెద్దరికం.

ఆ నూరో వంతు చాలు, తలరాత మారడానికి. 2008 బీజింగ్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో మైకేల్ ఫెల్ప్స్ 50.58, సెర్బియా ఈతగాడు మిలొరాడ్ చావిచ్ 50.59. చివర్లో చావిచ్ చేతులు చాచి అలా జారుతూ వచ్చాడు. ఫెల్ప్స్ మరో బార వేసి గోడని గట్టిగా కొట్టాడు. ప్యాడ్ ఊరికే తాకితే పలకదు, నొక్కాలి. పిల్లలూ, కోచ్ గారు ‘గోడ దాకా ఈదండ్రా’ అని అరిచేది అందుకే.

ఇప్పుడు మన సంగతికొద్దాం. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియన్ గేమ్స్‌లో దేశానికి తొలి స్వర్ణం తెచ్చింది ఈతే. 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో సచిన్ నాగ్ గెలిచారు. ఆ తర్వాత ఖజాన్ సింగ్ 1986 సియోల్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైలో రజతం తెచ్చారు. 2010లో వీర్‌ధవల్ ఖాడేకి, 2014లో సందీప్ సెజ్వాల్‌కి కాంస్యాలు. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒలింపిక్స్‌కైతే చాలాకాలం సొంత టైమ్‌తో నేరుగా అర్హత సాధించినవాళ్లే లేరు. అర్హత లేని దేశాలకి ఇచ్చే యూనివర్సాలిటీ కోటా అనో, తక్కువ ప్రమాణమైన బి టైమ్ అనో వెళ్లేవారు.

2021 జూన్‌లో, అదే రోమ్ నగరంలో, కేరళకి చెందిన సాజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1:56.38లో ముగించాడు. నేరుగా అర్హతకి కావాల్సిన ఎ టైమ్ 1:56.48. సెకనులో పదో వంతు తేడాతో ఆ గీత దాటిన మొదటి భారతీయుడయ్యాడు. వెంటనే బెంగళూరు కుర్రాడు శ్రీహరి నటరాజ్ 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో 53.77 చేశాడు, గీత 53.85. ఇది గమనించండి: శ్రీహరి ఆ టైమ్ చేసింది టైమ్ ట్రయల్‌లో. పోడియం లేదు, పతకం లేదు, గడియారం ఒక్కటే ఉంది. తర్వాత ప్రపంచ సమాఖ్య దాన్ని ఆమోదించింది, అతను టోక్యో వెళ్లాడు.

కాబట్టి ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టండి. టైమ్ పక్కన రెండు విషయాలు తప్పకుండా రాయాలి. మొదటిది, పూల్ పొడవు. 25 మీటర్ల పూల్‌లో వంద మీటర్లకి మూడు టర్న్‌లు, 50 మీటర్ల పూల్‌లో ఒక్కటే. గోడని తన్నిన ప్రతిసారీ వేగం కలిసొస్తుంది కాబట్టి చిన్న పూల్ టైమ్ ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది. దాన్ని ఒలింపిక్ టైమ్ పక్కన పెట్టి మురిసిపోతే లాభం లేదు. రెండోది, చేతి వాచీయా, ఎలక్ట్రానిక్కా. సిగ్నల్ చూసి నా బొటనవేలు కదిలేసరికి కొంత ఆలస్యమవుతుంది, చివర్లో పిల్లాడు వస్తున్నాడని ముందే తెలుసు కాబట్టి ఆలస్యం ఉండదు. అందుకే చేతి టైమ్ రెండు మూడు పదో వంతులు తక్కువ వస్తుంది. సాజన్ గీత దాటింది ఒక్క పదో వంతుతోనని ఇప్పుడే చెప్పాను.

నెలకోసారి రాయండి చాలు, రోజూ రాసి పిల్లలకి టెన్షన్ పెట్టకండి. ఎదిగే వయసులో రెండు మూడు నెలలు టైమ్ కదలకుండా ఉండిపోవడం మామూలే.

ఇక ప్రశ్నలు. వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మగారూ, మీరు అడగండి.