పతకాన్ని వెనక్కి తిప్పి చూడండి

శ్రోతలందరికీ నమస్కారం. ఈరోజు పతకాల గురించి మాట్లాడుకుందాం. సోవియట్ యూనియన్, తూర్పు జర్మనీ ఇప్పుడు ప్రపంచ పటంలో లేవు గానీ, వాటి సైన్యాలు ఇచ్చిన మెడల్స్, బ్యాడ్జీలు మాత్రం ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. బెర్లిన్ వెళ్లినవాళ్లు చెక్‌పాయింట్ చార్లీ దగ్గర, అంటే ఒకప్పుడు తూర్పు, పడమటి బెర్లిన్‌ల మధ్య సరిహద్దు దాటే చోట, వీటిని పరిచి అమ్మడం చూసే ఉంటారు. అక్కడ చాలావరకు టూరిస్టుల కోసం కొత్తగా చేసినవే. అసలైనవీ లోకంలో చాలానే ఉన్నాయి. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక దాచుకున్న డబ్బుకు విలువ లేకుండా పోయి, పెన్షన్ ఏ మూలకూ చాలక, ముసలి సైనికులో వాళ్ల పిల్లలో అమ్ముకున్నవి అందులో ఎన్నో. అది తలుచుకుంటే నాకు మనసు బరువెక్కుతుంది.

అన్నిటిలో నాకు ఇష్టమైనది ఎర్ర నక్షత్రం, ఆర్డర్ ఆఫ్ ది రెడ్ స్టార్. 1930లో పెట్టారు. ఐదు కోణాల వెండి నక్షత్రం, కోణాల మీద ముదురు ఎర్ర ఎనామిల్, నడుమ పొడవాటి కోటు వేసుకుని తుపాకీ పట్టుకుని నిలబడ్డ సైనికుడు, అతని చుట్టూ ప్రపంచ కార్మికులారా ఏకంకండి అని రష్యన్ అక్షరాలు. ఇదంతా ముందువైపు సంగతి.

ఇప్పుడు వెనక్కి తిప్పండి. మధ్యలో ఒక మర ఉంటుంది. మన ఆడవాళ్ల కమ్మలకు ఉన్నట్టే, చొక్కాకు చిల్లు పెట్టి దూర్చి లోపలివైపు నుంచి బిగించుకోవాలి. ఆ మర పక్కనే టంకశాల ముద్ర, ఇంకా ఒక నంబరు. చేత్తో చెక్కిన నంబరు. ముందువైపు నక్షత్రాలన్నీ ఒకేలా ఉంటాయి, ఈ నంబరు మాత్రం దేనిది దానికే.

ఒకటో నంబరు వసీలీ బ్ల్యూఖర్‌కి ఇచ్చారు. దూరప్రాచ్యంలో ఎర్ర సైన్యాన్ని నడిపించినవాడు, 1935లో మార్షల్ అయ్యాడు, 1938లో అదే ప్రభుత్వం అరెస్టు చేస్తే ఆ నవంబరులో జైల్లోనే చనిపోయాడు. ఆ తర్వాత ఈ నక్షత్రం 38 లక్షలకు పైగా ఇచ్చారు. మన సైన్యంలో కూడా తీసుకున్నవాళ్లున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇరాన్ మీదుగా సోవియట్ సైన్యానికి సామాగ్రి చేరవేసినందుకు 1944లో సుబేదార్ నారాయణరావు నికమ్, హవల్దార్ గజేంద్ర సింగ్ అనే ఇద్దరికి ఇచ్చారు. లారీలు, దుమ్ము, కొండదారులు. తుపాకీ పేల్చకపోయినా అది యుద్ధమే కదా!

మళ్లీ నంబరు దగ్గరికి వద్దాం. పతకంతో పాటు ఒక చిన్న పుస్తకం ఇచ్చేవారు, అందులో మనిషి పేరు, పక్కన ఈ నంబరు ఉంటాయి. పేరు ఒక్కటి తెలిస్తే చాలు, 2010లో రష్యా రక్షణ శాఖ ఇంటర్నెట్‌లో పెట్టిన యుద్ధకాలపు రికార్డుల్లో వెతుక్కోవచ్చు. సిఫారసు కాగితం దొరికితే ఆ మనిషి ఏం చేశాడో అప్పటి అధికారి రాసిన మాటల్లోనే చదువుకోవచ్చు, గాయపడి కూడా ఫిరంగి వదల్లేదనో, తెగిపోయిన టెలిఫోన్ తీగ కాల్పుల మధ్య కలిపాడనో. పేరు లేకుండా నంబరు ఒక్కటే ఉంటే మాత్రం మాస్కో దగ్గర పొదోల్స్క్‌లో ఉన్న సైనిక ఆర్కైవ్‌లో, అంటే పాత రికార్డులు దాచే చోట, ఆ నంబరు ఎవరిదో రాసి ఉన్న కార్డు దొరకాలి. బయటివాళ్లకు అది తేలిక పని కాదు.

అందుకే సేకరించేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, పుస్తకాన్నీ పతకాన్నీ విడదీయకండి. కొంతమంది వ్యాపారులు పతకం ఒక ధరకు, పుస్తకం ఇంకో ధరకు విడివిడిగా అమ్మేస్తారు. అలా విడదీసిన రోజున ఆ మనిషి పేరు పోయినట్టే. అమ్మేవాడు ఎంత తగ్గించినా సరే, నేనైతే అలాంటి బేరం ఒప్పుకోను. ఇంకో మాట, మెరవాలని విభూతితోనో పేస్టుతోనో తోమకండి, అరిగేది ఆ నంబరే. రష్యాలో అయితే సోవియట్ ప్రభుత్వ పతకాలు కొనడం, అమ్మడం నేరం, కాబట్టి అక్కడి సంతల్లో ఎవరైనా రహస్యంగా చూపిస్తే పక్కకు తప్పుకోండి.

మన ఇళ్లల్లో కూడా వెతకండి. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లొచ్చిన తాతల పతకాలు ట్రంకు పెట్టెల్లో ఇంకా ఉంటాయి. అవి బ్రిటిష్‌వాళ్లు ఇచ్చినవి, పద్ధతి వేరు. భారతీయ సైనికుల పతకాల మీద నేరుగా పేరు కొట్టి ఇచ్చేవారు. గుండ్రటి మెడల్ అయితే అంచు మీద, నక్షత్రమైతే వెనకవైపు చూడండి. నంబరు, హోదా, పేరు, దళం ఇంగ్లీషులో సన్నగా ఉంటాయి, వెలుతురులో కాస్త వాల్చి పట్టుకుంటే చదవొచ్చు. చదివి ఒక కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని కూడా అదే పెట్టెలో పెట్టండి. నమస్కారం.